బీపీ మాత్రలో ‘హెచ్’: ఎండాకాలంలో కొనసాగించాలా, ఆపాలా?

చీనీతోట, అనంతపురం | శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అమ్మకి 67 ఏళ్లు. బీపీ చాలా ఏళ్లుగా ఉంది. మొన్నటిదాకా టెల్మిసార్టాన్ 40 ఒక్కటే వేసుకునేది. పోయిన నెల చూపిస్తే పైది 168 ఉందని డాక్టరుగారు అదే మాత్రని ‘హెచ్’ ఉన్నదానికి మార్చారు. టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసి ఉండే మాత్ర. బీపీ బాగానే దిగింది, ఇంట్లో చూస్తే 130 దగ్గర ఉంటోంది. కానీ ఈ వారం నుంచి ఒకటే నీరసం. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటుంది. సంగటి సగం ముద్ద కూడా తినడం లేదు. ఎండకి దాహం అని బిందె పక్కన పెట్టుకుని నీళ్లు మాత్రం తాగుతూనే ఉంది.

పక్కింటివాళ్లు "అది ఒంట్లో నీరు తీసే మాత్ర, కిడ్నీలు పోతాయి, ఆపేయండి" అంటున్నారు. మా చిన్నాన్న "ఆపితే పక్షవాతం వస్తుంది" అంటాడు. ఇద్దరి మాటా విని అమ్మ రోజు మార్చి రోజు వేసుకుంటోందని నిన్ననే తెలిసింది. డాక్టరుగారి దగ్గరికి సోమవారం వెళ్దామనుకుంటున్నాం. ఈలోపు ఏం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

కొండారెడ్డి బురుజు, కర్నూలు | శుక్రవారం, రాత్రి 9:05

అన్నా, నేను మందుల షాపులో పనిచేస్తాను. ముందు ఇంట్లో ఒక పని చేయండి. అమ్మగారి మాత్రల డబ్బా మొత్తం మంచం మీద పోయండి. పాత టెల్మిసార్టాన్ షీటు ఇంకా మిగిలి ఉందా? కొత్త మాత్రతో పాటు దాన్ని కూడా వేసుకుంటున్నారా? మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది చాలా చూస్తుంటాం. పేరు ఒకటే కదా అని పాతది ఒకటి, కొత్తది ఒకటి వేసుకుంటారు. రెండింతలు పడుతుంది.

పేరు చివరి అక్షరం కూడా గమనించండి. చాలా కంపెనీలు ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్, ‘సీటీ’ అంటే క్లోర్తాలిడోన్, ‘ఏఎం’ అంటే ఆమ్లోడిపిన్ కలిపామని గుర్తుగా పెడతాయి. అయినా అక్షరాన్ని నమ్ముకోకుండా షీటు వెనక సన్నగా రాసి ఉండేది చదవండి. అందులో ఉన్న మందు పేరే ఖాయం.

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | శుక్రవారం, రాత్రి 9:32

చీనీతోట గారూ, అమ్మగారిని చూడకుండా మందు మార్చమని ఇక్కడ చెప్పలేను. కానీ సోమవారం దాకా ఆగొద్దు. రేపు పొద్దున్నే రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) చూపించండి. మాత్ర రాసిన డాక్టరుకి ఈ రాత్రే ఫోన్ చేసి, "తిండి తగ్గింది, కళ్లు తిరుగుతున్నాయి, నీళ్లు ఎక్కువ తాగుతోంది" అని ఈ మూడూ చెప్పి, రేపటి మాత్ర వేయాలా ఆపాలా అడగండి. ఇలాంటప్పుడు మాలో చాలామంది పరీక్ష వచ్చేదాకా ఆపమనే అంటాం.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా ఉన్నా, వాంతులైనా, నడక తూలినా రేపటిదాకా కూడా ఆగకండి. రాత్రికి రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఇంకొకటి. బీపీ మిషన్ ఇంట్లో ఉంది కాబట్టి కూర్చోబెట్టి ఒకసారి చూడండి. తర్వాత నిలబెట్టి, పక్కన మనిషి పట్టుకుని, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూడండి. నిలబడగానే పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువగానీ పడిపోతే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

దేవుని కడప | శుక్రవారం, రాత్రి 10:10

ఆపేయండి అనే వాళ్ల మాట వినకండి అని నా మనవి. నేను క్లోర్తాలిడోన్ 12.5 ఏళ్ల తరబడి వాడుతున్నాను. అంతకుముందు రెండు రకాల మందులు వేసుకున్నా 150 కిందికి దిగేది కాదు. ఇది కలిపాకే దిగింది. మొదటి రెండు వారాలు బాత్రూమ్‌కి ఎక్కువగా వెళ్లాల్సి వచ్చింది. తర్వాత మామూలైపోయింది. ఖరీదు కూడా తక్కువ. జన ఔషధి షాపులో ఇంకా చవకగా దొరుకుతుంది.

నాకు ఇబ్బంది వేరే వైపు నుంచి వచ్చింది. ఒక రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. యూరిక్ ఆసిడ్ పెరిగిందన్నారు. ఈ రకం మందులతో యూరిక్ ఆసిడ్ పెరుగుతుందని అప్పుడే తెలిసింది. డోసు తగ్గించి, బీపీకి లోసార్టాన్ కలిపారు. లోసార్టాన్ యూరిక్ ఆసిడ్‌ని కొంచెం తగ్గిస్తుందట. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు | శనివారం, ఉదయం 6:50

డాక్టరుగారూ, అసలు ఒంట్లో నీరు తీసేస్తే బీపీ ఎందుకు తగ్గుతుంది? మా ఊళ్లో 44 డిగ్రీల ఎండకి చెమటే కారిపోతుంటే, ఇంకా నీరు తీసే మాత్ర ఎందుకు? పక్కింటివాళ్ల భయంలో న్యాయం ఉందనిపిస్తుంది.

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | శనివారం, ఉదయం 7:45

మంచి ప్రశ్న అడిగారు. కాస్త పొడుగ్గా చెప్తాను.

మన కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే తీసుకుంటాయి. చివరికి మూత్రంగా బయటికి పోయేది లీటరున్నరో రెండో. ఆ తిరిగి తీసుకునే పనిలో ముఖ్యమైంది ఉప్పు, అంటే సోడియం. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ లాంటి థయజైడ్ రకం మందులు కిడ్నీ నాళంలో చివరి వైపు, వడకట్టిన సోడియంలో 5 నుంచి 7 శాతం దాకా తిరిగి తీసుకునే ఒక చిన్న భాగంలోనే పనిచేస్తాయి. కొంచెం ఉప్పుని వెనక్కి రానివ్వవు. అంతే.

మొదటి కొన్ని వారాల్లో ఒంట్లో ఉప్పూ నీరూ కొంచెం తగ్గి బీపీ దిగుతుంది. ఆ తర్వాత నీటి పరిమాణం చాలావరకు మామూలుకి వచ్చేస్తుంది, మూత్రం కూడా మామూలవుతుంది. కానీ బీపీ మళ్లీ పెరగదు, ఎందుకంటే అప్పటికి రక్తనాళాల బిగువు తగ్గుతుంది. ఏళ్ల తరబడి పనిచేసేది అదే. అందుకని "రోజూ ఒంట్లో నీరంతా తోడేస్తుంది" అన్నది నిజం కాదు.

కిడ్నీలు పోతాయన్న భయం గురించి. కిడ్నీలని పాడుచేసే వాటిలో అదుపులో లేని బీపీ ముందు వరసలో ఉంటుంది. 2021లో వచ్చిన క్లిక్ అనే పరిశోధనలో, కిడ్నీ జబ్బు నాలుగో దశలో ఉన్నవాళ్లకి క్లోర్తాలిడోన్ ఇస్తే పై బీపీ సుమారు 11 పాయింట్లు తగ్గింది. అంతకుముందు మేము ఆ దశలో ఈ మందులు పనిచేయవనే చదువుకున్నాం. అయితే వాళ్లలో కొందరికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగింది. కాబట్టి మందు ఇస్తూ రక్తపరీక్షలు చూసుకోవాలి.

ఇవి కొత్త మందులు కావు. మొదటిదైన క్లోరోథయజైడ్ 1950ల చివర్లో వచ్చింది. 2002లో అమెరికాలో ఆల్‌హాట్ అనే పెద్ద పరిశోధన వెలువడింది. 33 వేల మందికి పైగా, అందరూ 55 దాటినవాళ్లు. క్లోర్తాలిడోన్, ఆమ్లోడిపిన్, లిసినోప్రిల్ పోల్చి చూశారు. గుండెపోటు విషయంలో మూడూ సమానమే. గుండె బలహీనపడే జబ్బు, అంటే హార్ట్ ఫెయిల్యూర్, క్లోర్తాలిడోన్ వాడినవాళ్లలో తక్కువ. 2008లో హైవెట్ అనే పరిశోధనలో 80 ఏళ్లు దాటినవాళ్లకి ఇదే కోవకి చెందిన ఇండపమైడ్ ఇచ్చి, అవసరమైతే పెరిండోప్రిల్ కలిపారు. మందు తీసుకున్నవాళ్లలో మరణాలు 21 శాతం తగ్గాయి. చీనీతోట గారి చిన్నాన్న పక్షవాతం గురించి అన్న మాటలో సత్యం ఉంది. బీపీ తగ్గిస్తేనే పక్షవాతం ముప్పు తగ్గుతుంది. కానీ ఆ పని చేసే మందు ఇదొక్కటే కాదు. అమ్మగారికి ఇది పడకపోతే వేరేది ఉంది.

ఎండాకాలం ప్రశ్నకి గండికోట సిస్టర్ గారు నాకన్నా బాగా చెప్పగలరు. రోజూ ఊళ్లు తిరుగుతారు.

గండికోట సిస్టర్, కడప జిల్లా | శనివారం, ఉదయం 9:20

డాక్టర్ గారికి నమస్కారం. నేను పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. మార్చి నుంచి జూన్ దాకా మా దగ్గరికి బీపీ మాత్రలు వాడుతూ కళ్లు తిరిగి పడినవాళ్లు వస్తారు. అడిగితే చాలామందిది ఒకే కథ. పొద్దున్నే మాత్ర వేసుకుని, ఉగ్గాని కూడా తినకుండా పొలానికి పోయుంటారు. లేదా రెండు రోజులుగా విరేచనాలవుతుంటే మాత్ర మాత్రం ఆపకుండా వేసుకుంటుంటారు.

నేను అందరికీ చెప్పేది ఇదే: వాంతులు, విరేచనాలు, తిండి పోని జ్వరం ఉన్న రోజుల్లో ఈ నీరు తీసే మాత్ర, దాంతోపాటు ‘సార్టాన్’ అనీ ‘ప్రిల్’ అనీ పేరు చివర వచ్చే మాత్రలు వేసుకోవాలా వద్దా అని ఆ రోజే డాక్టరుని అడగండి. చాలాసార్లు ఆ ఒకటి రెండు రోజులు ఆపించి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఈ మాట ముందే, బాగున్నప్పుడే, డాక్టరుని అడిగి చీటీ మీద రాయించుకోండి.

దీనికన్నా నాకు ఎక్కువ భయం పుట్టించేది నొప్పి మాత్రలు. చెనక్కాయ పీకే రోజుల్లో నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకుంటారు. సార్టాన్, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ కలిసి, పైన ఎండకి ఒళ్లు ఎండిపోతే, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతింటుంది. నొప్పి మాత్రలు బీపీని కూడా పెంచుతాయి, నీరు తీసే మాత్ర పనిని తగ్గిస్తాయి. అయినా షాపులో ఎవరూ "బీపీ ఉందా" అని అడగరు. పక్కింటివాళ్లు కిడ్నీలు పోతాయని ఏ మాత్రని తిడుతున్నారో, ఆ తిట్లు పడాల్సింది దానికి కాదు, దాని పక్కన కూర్చున్న నొప్పి మాత్రకి. దయచేసి నొప్పికి ఏం వాడాలో అడిగి వేసుకోండి.

కొండారెడ్డి బురుజు, కర్నూలు | శనివారం, ఉదయం 9:48

సిస్టర్, మీరు చెప్పింది నిజం. అడగాల్సిన బాధ్యత కౌంటర్ దగ్గర నిలబడే మాది. నేను అడుగుతాను. షాపులన్నీ అడగాలి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు | శనివారం, ఉదయం 10:15

నాన్నకి ఆమ్లోడిపిన్ 10 వేసుకుంటే పాదాలు వాస్తున్నాయి. ఒక షాపులో అడిగితే లాసిక్స్ ఇచ్చారు, "నీరు దిగిపోతుంది, బీపీ కూడా తగ్గుతుంది" అన్నారు. వేసుకున్నా వాపు పోలేదు. రోజుకి రెండు వేయమన్నారు. ఇదీ నీరు తీసే మాత్రే కదా, దీన్నీ బీపీకి వాడొచ్చా?

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | శనివారం, మధ్యాహ్నం 1:30

హంద్రీ ఒడ్డు గారూ, రెండోది మొదలుపెట్టకండి. నాన్నగారిని డాక్టరుకి చూపించండి.

ఆమ్లోడిపిన్‌తో వచ్చే పాదాల వాపు ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువై వచ్చేది కాదు. ఆ మందు సన్నటి ధమనులని వదులు చేస్తుంది. నీరు ఆ సన్నటి నాళాల నుంచి చర్మం కిందికి ఊరుతుంది. దాన్ని మూత్రంలో పంపేయాలని చూస్తే వాపు పోదు. సోడియం, పొటాషియం మాత్రం పోతాయి. దానికి వైద్యం ఆమ్లోడిపిన్ డోసు తగ్గించడం, లేదా సార్టాన్ కలపడం, లేదా మందు మార్చడం. ఒక మందు దుష్ఫలితానికి ఇంకో మందు, దాని దుష్ఫలితానికి మరొకటి, ఇలా పోతే చీటీ పెరుగుతుంది తప్ప మనిషి బాగుపడడు. అయితే వాపు ఒక కాలికే ఉన్నా, ఆయాసం ఉన్నా, మొహం ఉబ్బినా అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

లాసిక్స్, అంటే ఫ్యూరోసెమైడ్, కిడ్నీ నాళంలో పైభాగంలో, సోడియం పావు వంతు వెనక్కి వచ్చే చోట పనిచేస్తుంది. అందుకే నీటిని చాలా ఎక్కువగా తీస్తుంది. కానీ దాని పని సుమారు 6 గంటలే. అది తీరాక మిగిలిన రోజంతా కిడ్నీ పోయిన ఉప్పుని గట్టిగా వెనక్కి లాక్కుంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఒంట్లో నీరు చేరినప్పుడు అది ప్రాణదాత. మామూలు బీపీకి మాత్రం కాదు. క్లోర్తాలిడోన్ ఒంట్లో రెండు రోజుల పైన నిలుస్తుంది. రోజుకి ఒక్కసారి వేస్తే చాలన్నది అందుకే.

నల్లమల గాలి, నంద్యాల | శనివారం, సాయంత్రం 5:10

ఇన్ని ఇబ్బందులున్న మందెందుకు? తెల్లగలిజేరు కషాయం, ఉలవల నీళ్లు, కొత్తిమీర నీళ్లు మన పెద్దవాళ్లు వాడలేదా? మూత్రం ధారాళంగా పోతుంది, ఉప్పు దిగుతుంది, ఖర్చు లేదు.

గండికోట సిస్టర్, కడప జిల్లా | శనివారం, సాయంత్రం 6:00

అన్నా, ఉలవచారు నేనూ తింటాను. తిండిగా తినడం వేరు. బీపీకి మందుగా కషాయం తాగడం వేరు. మాత్రలో 12.5 అంటే రోజూ 12.5 ఉంటుంది. కషాయంలో ఎంత దిగిందో ఎవరికీ తెలియదు. మాత్ర ఆపి కషాయం మొదలుపెట్టి 190తో వచ్చిన వాళ్లని చూశాను. మాత్రతో పాటు తాగితే మరో ప్రమాదం. తాగాలనుకుంటే కనీసం డాక్టరుకి చెప్పి తాగండి, దాచకండి.

పెద్దలు చేసినదాంట్లో నిజంగా పనికొచ్చేది ఉప్పు తగ్గించడం. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే టీ స్పూన్ ఒకటి, అన్నీ కలిపి. మన దగ్గర ఎర్రకారం, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఊరగాయ లేకుండా ముద్ద దిగదు. ఉప్పు ఎక్కువ తింటే ఈ మాత్ర సరిగ్గా పనిచేయదు, పొటాషియం కూడా ఎక్కువ పోతుంది. తెల్లన్నంలోకి ఊరగాయ తగ్గిస్తే మాత్ర డోసు పెంచే పని తప్పొచ్చు.

దేవుని కడప | శనివారం, రాత్రి 8:25

పొటాషియం తగ్గితే కాళ్లు పట్టేస్తాయంటారు. నేను రోజూ ఒక పులివెందుల అరటిపండు, చీనీకాయ రసం తీసుకుంటాను. అందరూ ఇలా చేయొచ్చా?

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | శనివారం, రాత్రి 9:00

మీరు చేయొచ్చు, మీ క్రియాటినిన్ బాగుంటే. అందరికీ కాదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, సార్టాన్ వాడేవాళ్లు, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లలో పొటాషియం పెరిగే అవకాశం ఉంటుంది. అలాంటివాళ్లు కొబ్బరినీళ్లు అదేపనిగా తాగడం, సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడడం డాక్టరుని అడగకుండా చేయొద్దు. స్పైరోనోలాక్టోన్ కూడా నీరు తీసే మాత్రే అయినా పొటాషియాన్ని నిలబెడుతుంది. మూడు మందులకీ లొంగని బీపీకి నాలుగోదిగా వాడతాం. కాబట్టి "నీరు తీసే మాత్ర" అన్న పేరు విని అరటిపండు తినకూడదనో తినాలనో తేల్చలేం. ఏ మాత్రో చూడాలి.

షుగర్ ఉన్నవాళ్లకి చక్కెర కొద్దిగా పెరగొచ్చు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మానసిక జబ్బుకి లిథియం వాడేవాళ్లు అయితే మరీను. ఎండలో పనిచేసేవాళ్లకి చర్మం మీద మచ్చలు, దద్దుర్లు వస్తే చూపించాలి. మొదలుపెట్టిన కొత్తల్లో ఉన్నట్టుండి కంటి నొప్పి, చూపు మసకబారడం వస్తే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అరుదే, కానీ ఆలస్యం చేస్తే కన్ను దెబ్బతింటుంది. గర్భిణులు ఈ చర్చ చూసి ఏదీ సొంతంగా మార్చుకోవద్దు. వాళ్ల బీపీకి వాడే మందులు వేరు. టెల్మిసార్టాన్ అయితే గర్భంలో వాడనే కూడదు.

చీనీతోట, అనంతపురం | ఆదివారం, ఉదయం 11:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. శుక్రవారం రాత్రే డాక్టరుగారికి ఫోన్ చేశాం. మాత్ర ఆపమన్నారు. నిన్న పొద్దున పరీక్షలు చేయించాం. సోడియం 126. పొటాషియం 3.4. క్రియాటినిన్ బాగానే ఉంది. సోడియం చూడగానే ఆసుపత్రిలో ఉంచుకున్నారు. మంచినీళ్లు తగ్గించి, కొంచెం కొంచెంగా సరిచేస్తున్నారు. ఈ రోజు 130కి వచ్చింది. ఉదయం ఇడ్లీ తినింది. "ఒంట్లో నీరు ఎక్కువైంది, ఉప్పు తక్కువైంది" అన్నారు. ఇది నాకు అర్థం కాలేదు. నీరు తీసే మాత్ర వేసుకుంటే నీరు ఎక్కువ ఎలా అవుతుంది?

పాత షీటు కూడా చూశాను. దాన్ని వేసుకోవడం లేదు, అదొక్కటి నయం.

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

మంచి సమయానికి తీసుకెళ్లారు. ఈ మందు కిడ్నీ మూత్రాన్ని పలచన చేసే శక్తిని తగ్గిస్తుంది. తాగిన మంచినీళ్లని కిడ్నీ తొందరగా బయటికి పంపలేదు. తిండి తగ్గితే ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. అటు ఉప్పు పోతోంది, ఇటు ఒట్టి నీళ్లు చేరుతున్నాయి. రక్తంలో సోడియం పలచబడిపోతుంది. పెద్ద వయసు ఆడవాళ్లలో, సన్నగా ఉన్నవాళ్లలో, మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో ఇది ఎక్కువ. ఎండాకాలంలో "నీళ్లు బాగా తాగు" అని అందరం చెప్తాం, మంచిదే. కానీ ఈ మాత్ర మీద ఉన్న పెద్దవాళ్లకి తిండి లేకుండా ఒట్టి నీళ్లు పడకూడదు. అన్నం, మజ్జిగ, చారు కూడా పడాలి. సోడియాన్ని మెల్లగా పెంచుతున్నది కావాలనే. ఒక్కసారిగా పెంచితే మెదడుకి హాని. తొందరపెట్టకండి.

ఒకసారి ఇలా అయిన మనిషికి మళ్లీ ఇస్తే మళ్లీ అవుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్, ఇండపమైడ్ మూడూ ఒకే కోవ. అమ్మగారి ఫైలు మొదటి పేజీలో "థయజైడ్ రకం మందులతో సోడియం పడిపోయింది" అని పెద్ద అక్షరాలతో రాయించండి. రేపు వేరే ఊళ్లో చూపించినా ఆ పేజీ చూపించాలి. బీపీకి ఆమ్లోడిపిన్ లాంటివి ఉన్నాయి, భయపడొద్దు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు | ఆదివారం, సాయంత్రం 4:35

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. డాక్టరుగారూ, నాన్నకి లాసిక్స్ ఆపించి నిన్న చూపించాం. ఆమ్లోడిపిన్ 5కి తగ్గించి టెల్మిసార్టాన్ కలిపారు. ఇంకో సంగతి. మా పెదనాన్న కూడా ‘హెచ్’ మాత్రే మూడేళ్లుగా వేసుకుంటున్నాడు. 71 ఏళ్లు. బాగానే ఉన్నాడు, బీపీ 128. ఈ చర్చ చదివి వినిపిస్తే రేపటి నుంచి మానేస్తానంటున్నాడు.

తుంగభద్ర, కర్నూలు, జనరల్ మెడిసిన్ | ఆదివారం, రాత్రి 7:15

మానొద్దని గట్టిగా చెప్పండి. మూడేళ్లుగా పడుతున్న మందు, బీపీ అదుపులో ఉంది. చీనీతోట గారి అమ్మగారికి పడలేదని ఆయనకీ పడదనుకోకూడదు. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకుంటే రాత్రి మూత్రానికి లేచే బాధ ఉండదు. ఈ మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. డోసు మారినా, వాంతులూ విరేచనాలూ అయినా మళ్లీ చూడాలి. ఆయనకి ఆఖరిసారి ఎప్పుడు చేశారో ఫైలు తీసి చూడండి. ఏడాది దాటి ఉంటే ఈ వారమే చేయించండి. నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారేమో కూడా అడగండి.

హంద్రీ ఒడ్డు, కర్నూలు | ఆదివారం, రాత్రి 8:02

ఫైలు చూశాను సార్. మూడేళ్ల కిందట మందు రాసినప్పుడు చేసినదే ఉంది, ఆ తర్వాత ఒక్కటీ లేదు. మోకాళ్లకి అసిక్లోఫెనాక్ వేసుకుంటున్నాడట, ఇప్పుడే చెప్పాడు. అది ఈ రాత్రి నుంచే ఆపించాను. రేపు పొద్దున పరీక్షకి తీసుకెళ్తున్నాను.